"పెసిలోమైసిస్ స్పీసీస్" అని మాత్రమే రిపోర్టు ఇస్తే మందు ఎంపికకు సరిపోతుందా? ఎంఐసీ వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: ఆసుపత్రి ప్రయోగశాల వైద్యురాలు

అందరికీ నమస్కారం. నేను ఒక ఆసుపత్రిలో సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాల చూసుకుంటున్నాను. మాకు వచ్చే నమూనాల్లో అధిక భాగం బాక్టీరియాకు సంబంధించినవే. ఈస్టులు అప్పుడప్పుడు వస్తాయి, బూజు శిలీంధ్రాలు నెలకు రెండో మూడో కనిపిస్తాయి. వాటి విషయంలో నా అనుభవం తక్కువ కాబట్టి, ఈ వారం ఎదురైన ఒక సందర్భం గురించి మీ సలహా అడుగుతున్నాను. రోగిని గుర్తుపట్టగల వివరాలేవీ ఇందులో లేవు.

రక్తపు క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటూ, సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ దాదాపు లేని స్థితిలో ఉన్న ఒక పెద్దాయనకు యాంటీబయాటిక్స్ ఇచ్చినా జ్వరం తగ్గలేదు. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అయి ఉంటుందని భావించి వొరికొనజోల్ అనే శిలీంధ్రనాశక మందు మొదలుపెట్టారు. పన్నెండు రోజులైనా జ్వరం తగ్గలేదు, రెండో స్కాన్‌లో ఒక గడ్డ ఇంకా పెద్దదైంది. అప్పుడు బ్రాంకోస్కోపీ చేసి, ఊపిరితిత్తి కడిగిన ద్రవాన్ని మాకు పంపారు. కాల్కోఫ్లోర్ రంగు వేసి చూస్తే అడ్డుగోడలున్న సన్నని తంతువులు స్పష్టంగా కనిపించాయి. నాలుగో రోజుకు రెండు ప్లేట్ల మీదా పసుపు కలిసిన గోధుమరంగులో, పొడి చల్లినట్లుండే కాలనీలు వచ్చాయి. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ రంగులో చూస్తే అడుగున ఉబ్బి పైకి సన్నని మెడగా సాగిన ఫియలైడ్లు (బీజాణువులను పుట్టించే కణాలు), వాటి చివర పొడవైన గొలుసులుగా బీజాణువులు ఉన్నాయి. మా గోడ మీద ఉన్న చార్టుతో పోల్చుకుని, "పెసిలోమైసిస్ స్పీసీస్" అని, అంటే ఏ జాతో చెప్పకుండా ప్రజాతి పేరు మాత్రమే, రిపోర్టు ఇచ్చాను.

మరునాడు చికిత్స చేస్తున్న డాక్టరు గారు ఫోన్ చేశారు. పెసిలోమైసిస్‌కు వొరికొనజోల్ మంచి మందని తాను చదివానని, అందువల్ల అదే మందును మోతాదు పెంచి కొనసాగిస్తానని, సెన్సిటివిటీ (ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) వీలైనంత త్వరగా చేసి పంపమని అడిగారు. మా దగ్గర ద్రవమాధ్యమంలో వేర్వేరు మందు గాఢతలతో చేసే మైక్రోడైల్యూషన్ సౌకర్యం లేదు. మందు గాఢత క్రమంగా మారే గ్రేడియంట్ స్ట్రిప్పులు మాత్రం కొన్ని ఉన్నాయి. నా సందేహాలు ఇవి. ప్రజాతి పేరుతో ఆగిపోవడం సరైనదేనా? స్ట్రిప్పు పెట్టి ఎంఐసీ (శిలీంధ్రం పెరగకుండా ఆపే అతి తక్కువ మందు గాఢత) చూసి చెప్పేదాకా ఆగమని డాక్టరు గారికి చెప్పవచ్చా? ఒకవేళ ఎంఐసీ వచ్చినా, ఈ శిలీంధ్రానికి బ్రేక్‌పాయింట్ (లొంగేదా, లొంగనిదా అని తేల్చే హద్దు అంకె) ఎక్కడా కనిపించడం లేదు కాబట్టి, సెన్సిటివ్ అని రాయాలా, రెసిస్టెంట్ అని రాయాలా?

జవాబు: రిఫరెన్స్ ప్రయోగశాలలో శిలీంధ్రాల విభాగం

వెంటనే చేయవలసినది ముందు రాస్తాను, కారణాలు తరువాత. దయచేసి ఇప్పుడే ఆ డాక్టరు గారికి ఫోన్ చేసి, ఇది వొరికొనజోల్‌కు లొంగని శిలీంధ్రం అయ్యే అవకాశం బలంగా ఉందని చెప్పండి. ఎంఐసీ కోసం ఆగవద్దు.

మీరు పంపిన పేరు తప్పు కాదు, కానీ అది సగం పేరే, ఈ ప్రజాతి విషయంలో మిగిలిన సగంలోనే మందు ఉంది. మనుషులకు జబ్బు కలిగించేవిగా రెండు శిలీంధ్రాలను పుస్తకాలు చాలా ఏళ్లపాటు పెసిలోమైసిస్ అనే ఒకే ఇంటిపేరుతో పక్కపక్కన పెట్టాయి. ఒకటి పెసిలోమైసిస్ వేరియోటై, రెండోది పెసిలోమైసిస్ లిలాసినస్. సూక్ష్మదర్శినిలో పోలిక ఉన్నా వీటికి దగ్గర చుట్టరికం లేదు. వేరియోటై ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియంల వైపు కొమ్మకు చెందినది. లిలాసినస్ కీటకాల మీద, నులిపురుగుల మీద బతికే శిలీంధ్రాలున్న మరో కొమ్మకు చెందినది. జన్యు ఆధారాలతో 2011లో దానిని విడదీసి పర్పురియోసిలియం లిలాసినం అని కొత్త పేరు పెట్టారు. పాత చార్టులు, పాత వ్యాసాలు మాత్రం ఇంకా పాత పేరుతోనే తిరుగుతున్నాయి. మీ డాక్టరు గారు చదివినది అబద్ధం కాదు. పాత పేరున్న లిలాసినస్ గురించి రాసిన మాట అది.

ఇక మందుల దగ్గరకు వస్తే, ఈ రెండూ అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటాయి. లిలాసినం మీద యాంఫోటెరిసిన్-బి పనిచేయదు. వొరికొనజోల్, పోసకొనజోల్ పనిచేస్తాయి. వేరియోటై యాంఫోటెరిసిన్-బికి తక్కువ గాఢతలోనే అణగిపోతుంది, ఇట్రాకొనజోల్‌కూ పోసకొనజోల్‌కూ సాధారణంగా లొంగుతుంది, కానీ వొరికొనజోల్‌ను తట్టుకుంటుంది. ఒకే ప్రజాతి పేరు చూసి ఇద్దరు వైద్యులు రెండు వేర్వేరు వ్యాసాలు చదివితే, పూర్తిగా వ్యతిరేకమైన నిర్ణయాలు తీసుకునే వీలుంది. మీ రోగికి పన్నెండు రోజులుగా వొరికొనజోల్ ఇస్తుండగానే ఈ శిలీంధ్రం పెరిగిందన్న సంగతి కూడా వేరియోటై వైపే మొగ్గు చూపుతోంది.

జన్యు పరీక్ష రాకముందే ఈ రెండింటినీ చాలావరకు వేరు చేయవచ్చు. ముందు రంగు చూడండి. లిలాసినం మొదట తెల్లగా ఉండి, బీజాణువులు పండే కొద్దీ వంగపువ్వు రంగు, అంటే లేత ఊదా, దేరుతుంది. వేరియోటైలో ఊదా ఎప్పుడూ రాదు. మీరు చెప్పిన పసుపు గోధుమ రంగే వస్తుంది. రెండోది వేడి. ఒక స్లాంట్‌ను (గొట్టంలో వాలుగా గట్టిపరచిన మాధ్యమం మీది కల్చర్‌ను) 37 డిగ్రీల దగ్గర, మరొకటి 45 డిగ్రీల దగ్గర ఉంచండి. వేరియోటై వేడిని ఇష్టపడుతుంది, 45 దగ్గర కూడా హాయిగా పెరుగుతుంది. లిలాసినానికి ఆ వేడిలో ఎదుగుదల ఉండదు. మూడోది కాడ. లిలాసినంలో బీజాణువులను మోసే కాడ గోడ గరుకుగా ఉంటుంది, వేరియోటైలో నున్నగా ఉంటుంది. వేరియోటైలో తంతువుల పక్కన ఒంటరిగానో చిన్న గొలుసులుగానో మందపాటి గోడలున్న క్లామిడోస్పోర్లు కనిపిస్తాయి, లిలాసినంలో అవి ఉండవు. పాత కాలనీ నుంచి సెలోఫేన్ టేపుతో ఎత్తి చూస్తే ఇవి చెదిరిపోకుండా దొరుకుతాయి. సూదితో చీల్చి చూసినప్పుడు గొలుసులన్నీ విడిపోయి ఏమీ తెలియని స్థితి వస్తుంది.

మరొక సంగతి. వేరియోటై గాలిలో సర్వసాధారణం. ఒకే ప్లేటు అంచున ఒకే కాలనీ వచ్చి ఉంటే, అది ప్రయోగశాల గాలిలోంచి పడిందేమోనని నేను ముందుగా అనుమానించేవాణ్ణి. మీకు నమూనాలోనే తంతువులు కనిపించాయి, రెండు ప్లేట్ల మీదా అదే పెరిగింది, రోగికి తగిన జబ్బు కూడా ఉంది. ఈ మూడూ కలిసినప్పుడు దానిని కలుషితమని కొట్టివేయడం ప్రమాదకరం.

జవాబు: అంటువ్యాధుల వైద్యుడు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. మంచం పక్కన నిలబడే వైద్యుని వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను.

వొరికొనజోల్ ఇస్తుండగా కొత్తగా బూజు జబ్బు వచ్చినా, ఉన్నది ముదిరినా మా మనసులోకి ముందుగా వచ్చేది మ్యూకర్ కుటుంబం. దాని మీద వొరికొనజోల్‌కు ప్రభావం లేదు. దాని తంతువులు వెడల్పుగా రిబ్బన్లలా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, ఇష్టం వచ్చినట్లు మలుపులు తిరిగి ఉంటాయి. మీరు అడ్డుగోడలున్న సన్నని తంతువులు చూశానని రాశారు కాబట్టి అది వెనక్కి వెళ్లింది. ప్రత్యక్ష పరీక్షలో మీరు చెప్పిన ఈ ఒక్క వాక్యం ఎంత విలువైనదో ప్రయోగశాలలో ఉన్నవారికి మేము ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదేమో. కల్చర్ రాకముందే, నమూనా వచ్చిన గంటలోనే, యాంఫోటెరిసిన్ మొదలుపెట్టాలా వద్దా అన్నది చాలాసార్లు ఆ వాక్యమే తేలుస్తుంది.

అయితే మందు విఫలమైందని అనే ముందు రెండు విషయాలు చూడాలి. ఊపిరితిత్తి ఆస్పర్‌జిల్లస్‌లో, సరైన మందు ఇస్తున్నా, మొదటి వారం పది రోజుల్లో స్కాన్‌లో గడ్డ పెద్దదవడం సాధారణమే. తెల్లకణాలు తిరిగి పెరిగే సమయంలో కూడా అలా జరుగుతుంది. రెండోది, రక్తంలో వొరికొనజోల్ ఎంత ఉందన్నది. కాలేయంలోని సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ మనిషి మనిషికీ వేర్వేరు వేగంతో దానిని కరిగిస్తుంది, అందువల్ల ఒకే మోతాదుకు ఒకరి రక్తంలో చాలినంత ఉండదు, మరొకరిలో విషమయ్యేంత ఉంటుంది. తరువాతి మోతాదుకు ముందు తీసిన రక్తంలో లీటరుకు 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలన్నది అందరూ పాటించే హద్దు. ఆ పరీక్ష జరిగిందో లేదో అడగండి. మందు చాలినంత ఉండీ శిలీంధ్రం పెరిగితే, అది ఏ ఎంఐసీకీ తీసిపోని సాక్ష్యం. మొత్తం మీద నేనైతే ఈ రోగికి లైపోసోమల్ (అంటే సన్నని కొవ్వు బుడగల్లో ఇమిడ్చిన) యాంఫోటెరిసిన్-బి, బరువులో కిలోకు రోజుకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు, ఈ పూటే మొదలుపెడతాను. మూత్రపిండాలను, పొటాషియాన్ని, మెగ్నీషియాన్ని రోజూ చూసుకుంటాను.

గడ్డ నుంచి ముక్క తీసే వీలుంటే తీయమనండి. ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేయకుండా, సగం ఉప్పునీటిలో మీకు పంపమని ముందే చెప్పండి. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో తంతువులు కనిపిస్తాయి కానీ అవి చచ్చినవి. వాటిని పెంచలేము, మందుతో పరీక్షించలేము. కణజాలంలో అడ్డుగోడలున్న తంతువులు ఆస్పర్‌జిల్లస్‌వా, ఫ్యుసేరియంవా, సెడోస్పోరియంవా, మీ పెసిలోమైసిస్‌వా అన్నది ఎంత అనుభవమున్న పాథాలజిస్టయినా చూపుతో మాత్రమే చెప్పడం కష్టం. ఈ మాట నేను తేలికగా రాయడం లేదు. ముక్క మొత్తం ఫార్మలిన్‌లో పడిన కారణంగా, ఏ శిలీంధ్రమో తెలియకుండానే నా రోగి ఒకరు నెలల తరబడి రెండు విషపూరితమైన మందులు కలిపి తీసుకోవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చదివిన వెంటనే ఫోన్ చేశాను. డాక్టరు గారు శ్రద్ధగా విన్నారు. వొరికొనజోల్ స్థాయి నాలుగు రోజుల క్రితం చూశారట, లీటరుకు 2.6 మిల్లీగ్రాములు, అంటే చాలినంతే ఉంది. ఆ రాత్రే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ మొదలుపెట్టారు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నందున ముక్క తీయడం ప్రస్తుతానికి కుదరదని అన్నారు.

45 డిగ్రీల దగ్గర పెట్టిన స్లాంట్ రెండు రోజుల్లోనే నిండుగా పెరిగింది. ఊదా రంగు ఎక్కడా లేదు. క్లామిడోస్పోర్లు టేపు పరీక్షలో కొన్ని కనిపించాయి. దీని మీద ఆధారపడి "పెసిలోమైసిస్ వేరియోటై" అని సవరించిన రిపోర్టు ఇవ్వవచ్చా, లేక ఇంకా ఏమైనా తేల్చుకోవాలా?

జవాబు: శిలీంధ్రాల జన్యు గుర్తింపులో పనిచేసే వ్యక్తి

"వేరియోటై అయ్యే అవకాశం ఎక్కువ, నిర్ధారణ జరుగుతోంది" అని రాయండి. తుది పేరుగా ఇప్పుడే రాయవద్దని నా మనవి. వేడిలో పెరగడం లిలాసినాన్ని తప్పిస్తుంది, కానీ వేరియోటైని నిరూపించదు. రాసంసోనియా ఆర్జిలేసియా అనే మరో శిలీంధ్రం ఉంది. అది కూడా వేడిని తట్టుకుంటుంది, కాలనీ కూడా లేత పసుపు గోధుమ రంగులోనే ఉంటుంది, మామూలు ప్రయోగశాలల్లో దానిని పెసిలోమైసిస్ అనో పెనిసిలియం అనో పొరబడడం తరచుగా జరుగుతుంది. కాడలు గరుకుగా, బీజాణువులు కోలగా కాకుండా చిన్న గొట్టాల్లా ఉంటే దానిని అనుమానించాలి. అది కూడా వొరికొనజోల్‌కు లొంగదు, కానీ ఎకైనోక్యాండిన్లు అనే మరో తరగతి శిలీంధ్రనాశక మందులకు లొంగుతుంది. యాంఫోటెరిసిన్ దాని మీద ఒకసారి పనిచేసినట్లు మరోసారి పనిచేయదు. మీ దగ్గర క్లామిడోస్పోర్లు కనిపించడం ఊరటే. అయినా ఈ రోగికి వారాల తరబడి చికిత్స నడవబోతోంది, ఊహ మీద నడపడం న్యాయం కాదు.

కాబట్టి శుద్ధ కల్చర్‌ను క్రమపరీక్షకు, అంటే జన్యువు అక్షరాల వరుస చదివే పరీక్షకు పంపండి. శిలీంధ్రాలన్నిటికీ ఉమ్మడి గుర్తింపు ముక్కగా 2012 నుంచి ఐటీఎస్ ప్రాంతాన్ని వాడుతున్నాము. మీ ప్రశ్నకు, అంటే ఇది పెసిలోమైసిస్ వేరియోటైనా, లిలాసినమా, రాసంసోనియానా అన్నదానికి అది చాలు. కానీ అన్నిటికీ చాలదు. ఆస్పర్‌జిల్లస్‌లో దగ్గరి చుట్టాలను విడదీయడానికి బీటా ట్యూబులిన్ గానీ కాల్మోడ్యులిన్ గానీ చదవాలి. ఫ్యుసేరియంలో ట్రాన్స్‌లేషన్ ఎలాంగేషన్ ఫ్యాక్టర్ జన్యువు చదవకపోతే పేరు సముదాయం దగ్గరే ఆగిపోతుంది. ఫలితం వచ్చాక డేటాబేస్‌లో మొదట కనిపించిన పేరునే తీసుకోకండి. పొరపాటు పేర్లతో ఎక్కిన వరుసలు అక్కడ ఎన్నో ఉన్నాయి. టైప్ స్ట్రెయిన్‌తో, అంటే ఆ జాతికి ప్రమాణంగా భద్రపరిచిన నమూనాతో, పోలిక చూడాలి.

ప్రొటీన్ల చిత్రాన్ని బట్టి సూక్ష్మజీవిని గుర్తించే మాల్డీ-టాఫ్ యంత్రం మీ దగ్గర ఉంటే ప్రయత్నించవచ్చు, కానీ బాక్టీరియాలాగా కాలనీని నేరుగా పూసి చదివిస్తే బూజులతో తరచుగా నిరాశే మిగులుతుంది. రంగుపదార్థాలు, బీజాణువులు ప్రొటీన్ల చిత్రాన్ని చెడగొడతాయి. లేత కల్చర్ తీసుకుని, ఇథనాల్, ఫార్మిక్ ఆమ్లం, ఎసిటోనైట్రైల్‌తో ప్రొటీన్లు పిండి, ఆ తరువాత చదివించాలి. యంత్రం లైబ్రరీలో లేని శిలీంధ్రం పేరును అది ఎన్నటికీ చెప్పలేదు. స్కోరు తక్కువగా వచ్చినప్పుడు దగ్గరగా ఉన్న పేరు రాసేయాలన్న ఆశను అణచుకోవలసింది మనమే.

పేరు ఎందుకు ఇంతగా పట్టించుకుంటామో చెప్పడానికి మరికొన్ని ఉదాహరణలు ఇస్తాను, ఎందుకంటే మీకు రేపు మరో నమూనా వస్తుంది. ఆస్పర్‌జిల్లస్ టెరియస్ పుట్టుకతోనే యాంఫోటెరిసిన్‌ను తట్టుకుంటుంది. దాల్చినచెక్క రంగు కాలనీ కనిపించిన రోజే ఆ మాట ఫోన్‌లో చెప్పాలి. 2005లో వర్ణించిన ఆస్పర్‌జిల్లస్ లెంటులస్ చూపుకు ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌లాగే ఉంటుంది, కానీ తెల్లగా, బీజాణువులు తక్కువగా, నెమ్మదిగా పెరుగుతుంది, 50 డిగ్రీల దగ్గర పెరగదు. అజోల్‌లకూ (వొరికొనజోల్, పోసకొనజోల్ వంటి మందులకూ) యాంఫోటెరిసిన్‌కూ దాని లొంగుబాటు తక్కువ. తెల్లగా ఉండిపోయిన ఫ్యూమిగేటస్‌ను 50 డిగ్రీల దగ్గర పరీక్షించకుండా వదలవద్దు. సెడోస్పోరియం ప్రజాతి నుంచి ఇప్పుడు విడదీసిన లోమెంటోస్పోరా ప్రోలిఫికన్స్ మామూలుగా వాడే మందులన్నిటినీ దాదాపుగా తట్టుకుంటుంది. వొరికొనజోల్‌తో టెర్బినాఫిన్ కలిపి ఇవ్వడం తప్ప వైద్యుని చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

మ్యూకర్ కుటుంబం గురించి ఒక్కటి. వార్తల్లో దానికి బ్లాక్ ఫంగస్ అన్న పేరు స్థిరపడింది కానీ, ఆ శిలీంధ్రం నల్లనిది కాదు, రక్తప్రసారం ఆగి చచ్చిన కణజాలం నల్లబడుతుంది. నిజంగా గోడల్లో మెలనిన్ ఉన్న నల్ల శిలీంధ్రాలు వేరే ఉన్నాయి, మెదడులో చీముగడ్డలు కలిగించే క్లాడోఫియలోఫోరా బాంటియానా అలాంటిది. ఆ పేర్లు కలిపేస్తే మందులు కూడా కలిసిపోతాయి. మ్యూకర్ అనుమానం ఉన్న ముక్కను కల్వంలో వేసి నూరకండి. అడ్డుగోడలు లేని తంతువు ఒక చోట తెగితే లోపలి జీవద్రవ్యమంతా కారిపోయి చచ్చిపోతుంది. బ్లేడుతో చిన్న ముక్కలుగా కోసి మాధ్యమం మీద నొక్కండి. సూక్ష్మదర్శినిలో కనిపించి కల్చర్‌లో రాని కేసుల్లో చాలావాటికి మన చేతి పనే కారణం.

జవాబు: మందుల సున్నితత్వ పరీక్షలు చేసే ప్రయోగశాల వైద్యురాలు

మీరు మొదట అడిగిన మూడో ప్రశ్న, బ్రేక్‌పాయింట్ లేనప్పుడు ఏం రాయాలన్నది, ఇంకా మిగిలే ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఎంఐసీ అంటే గొట్టంలోనో గుంటలోనో శిలీంధ్రం కంటికి కనిపించేలా పెరగకుండా ఆపిన అతి తక్కువ మందు గాఢత, అంతవరకే. ఆ అంకె రోగిలో గెలుపుగానో ఓటమిగానో మారాలంటే, ఆ జాతి నమూనాలు ఎన్నిటిలో ఏ ఏ అంకెలు వచ్చాయో, మామూలు మోతాదుకు రక్తంలో మందు ఎంత చేరుతుందో, ఏ అంకె ఉన్న రోగులు కోలుకున్నారో తెలియాలి. ఈ మూడూ కలిపి చూసి గీసిన గీతే బ్రేక్‌పాయింట్. బూజుల్లో ఆ స్థాయి సమాచారం ఆస్పర్‌జిల్లస్‌కు, ముఖ్యంగా ఫ్యూమిగేటస్‌కు ఉంది. దానిలో కూడా రెండు పద్ధతులు ఒకే గీత గీయవు. వొరికొనజోల్‌కు అమెరికాకు చెందిన ప్రమాణాల సంస్థ సీఎల్ఎస్ఐ ఎంఐసీ లీటరుకు 0.5 మిల్లీగ్రాముల వరకు సెన్సిటివ్ అని, 2, అంతకు మించితే రెసిస్టెంట్ అని అంటుంది. యూరప్‌కు చెందిన అలాంటి సంస్థ యూకాస్ట్ 1 వరకు సెన్సిటివ్ అంటుంది. మాధ్యమంలో గ్లూకోజ్, చల్లే బీజాణువుల సంఖ్య కూడా ఆ రెండింటిలో వేరు, యూకాస్ట్‌లో రెండూ ఎక్కువే. ఒక పద్ధతిలో పరీక్ష చేసి మరో పద్ధతి గీతతో చదవడం నేను చూసిన పొరపాట్లలో అతి సాధారణమైనది. ఆస్పర్‌జిల్లస్ గీతను పెసిలోమైసిస్ మీదికి అరువు తెచ్చుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు.

అందువల్ల మీ రిపోర్టులో అంకె రాయండి, పద్ధతి రాయండి, ఈ జాతికి బ్రేక్‌పాయింట్ లేదని స్పష్టంగా రాయండి, సెన్సిటివ్, రెసిస్టెంట్ అన్న మాటలు రాయకండి. ఆ పక్కనే, ఈ జాతి సాధారణంగా ఏ మందుకు తక్కువ ఎంఐసీ చూపుతుందో, దేనికి ఎక్కువ చూపుతుందో ఒక వాక్యం చేర్చండి. డాక్టరుకు కావలసింది ఆ వాక్యమే. స్ట్రిప్పుల గురించి అడిగారు. ఆస్పర్‌జిల్లస్‌కు అవి జల్లెడగా పనికొస్తాయి కానీ, అరుదైన బూజులకు స్ట్రిప్పు అంకె మీద నిర్ణయం పెట్టవద్దని నా అభిప్రాయం. కల్చర్‌ను రిఫరెన్స్ ప్రయోగశాలకు పంపండి. ఎకైనోక్యాండిన్లు చూడాలని అడిగితే ఎంఐసీ కాకుండా ఎంఈసీ చదవాలని కూడా గుర్తుంచుకోండి. ఆ మందులు బూజును పూర్తిగా ఆపవు, తంతువులను పొట్టిగా, మొండిగా, గుబురుగా మార్చేస్తాయి. ఆ మార్పు మొదలైన గాఢతే చదవవలసిన అంకె.

ఇంతమంది పేరే ముఖ్యమని చెప్పాక, పేరు చాలని చోటు ఒకటి చెప్పాలి. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ పుట్టుకతో అజోల్‌లకు లొంగే జాతే. కానీ పంటల మీద చల్లే అజోల్ శిలీంధ్రనాశకాలు, మన మందులు ఒకే లక్ష్యం మీద పనిచేస్తాయి. ఆ లక్ష్యమైన ఎంజైమ్‌ను తయారుచేసే సీవైపీ51ఏ జన్యువులో టీఆర్34/ఎల్98హెచ్, టీఆర్46/వై121ఎఫ్/టీ289ఏ అనే మార్పులతో, మట్టిలోనే నిరోధకత తెచ్చుకున్న ఫ్యూమిగేటస్ ప్రపంచమంతా కనిపిస్తోంది. మొదటి మార్పును 1998 నాటి నెదర్లాండ్స్ నమూనాల్లో గుర్తించారు. అంటే, జీవితంలో ఒక్క అజోల్ మాత్ర కూడా మింగని రోగికి కూడా నిరోధక శిలీంధ్రం సోకవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన శిలీంధ్రాల ప్రాధాన్య జాబితాలో ఫ్యూమిగేటస్‌ను అన్నిటికన్నా పై వర్గంలో పెట్టడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. ఇక్కడ జాతి పేరు నిరోధకతను చెప్పలేదు. కాబట్టి లోతైన జబ్బు నుంచి వచ్చిన ప్రతి ఫ్యూమిగేటస్‌ను పరీక్షించాలి. మైక్రోడైల్యూషన్ లేని చోట మూడు అజోల్‌లు ఒక్కొక్క గుంటలో, మందు లేని మాధ్యమం నాలుగో గుంటలో ఉండే అగార్ ప్లేటు మీద జల్లెడ పట్టవచ్చు. మందు గుంటలో పెరిగితే అది అనుమానితం, రిఫరెన్స్‌కు పంపాలి. ఒక్క కాలనీని కాకుండా ఐదు వరకు ఎత్తి చల్లండి. ఒకే ఊపిరితిత్తిలో లొంగేవి, లొంగనివి పక్కపక్కనే ఉండవచ్చు.

కంటి కార్నియా నమూనాలు కూడా మీకు వస్తుంటే ఒక మాట. ఫ్యుసేరియం వల్ల వచ్చిన పుండుకు వొరికొనజోల్ చుక్కల కన్నా నాటమైసిన్ చుక్కలు మేలని 2013లో వెలువడిన పోలిక పరీక్ష చూపింది. ఆ తేడా ప్రధానంగా ఫ్యుసేరియం పుండ్లలోనే కనిపించింది. అక్కడ ఫ్యుసేరియం అన్న ప్రజాతి పేరు అదే రోజు చెప్పగలిగితే చాలు, కన్ను నిలబడడానికి అది సాయపడుతుంది. ఏ స్థాయి పేరు ఎక్కడ చాలుతుందన్నది శిలీంధ్రాన్ని బట్టి, అవయవాన్ని బట్టి మారుతుంది.

ప్రశ్న అడిగినవారు

పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. ఐటీఎస్, బీటా ట్యూబులిన్ రెండూ చదివించాము. రెండూ పెసిలోమైసిస్ వేరియోటై అనే తేల్చాయి, రాసంసోనియా కాదు. రిఫరెన్స్ ప్రయోగశాల మైక్రోడైల్యూషన్‌లో యాంఫోటెరిసిన్-బి ఎంఐసీ లీటరుకు 0.25 మిల్లీగ్రాములు, పోసకొనజోల్‌ది కూడా 0.25, వొరికొనజోల్‌ది 8 కన్నా ఎక్కువ. రోగికి యాంఫోటెరిసిన్ మొదలుపెట్టిన ఐదో రోజున జ్వరం తగ్గింది. అదే రోజుల్లో న్యూట్రోఫిల్స్ కూడా పెరగడం మొదలైంది కాబట్టి మెరుగుదలలో ఎంత భాగం మందుదో విడదీసి చెప్పలేమని డాక్టరు గారు అన్నారు, అది నిజమే. మూత్రపిండాలు ఇంతవరకు బాగానే ఉన్నాయి. స్కాన్‌లో గడ్డ ఇంకా ఉంది, కానీ పెరగలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు పోసకొనజోల్ మాత్రలకు మార్చాలని ఆలోచిస్తున్నారు. రక్తంలో దాని స్థాయి చూసే ఏర్పాటు గురించి నన్ను అడిగారు.

మా గోడ మీది పాత చార్టు తీసేశాను. సవరించిన రిపోర్టులో, ఇక్కడ చెప్పినట్లే, అంకెలు, పద్ధతి, బ్రేక్‌పాయింట్ లేదన్న మాట రాసి, కింద ఇలా చేర్చాను: "ఈ జాతి సాధారణంగా యాంఫోటెరిసిన్-బికి తక్కువ ఎంఐసీని, వొరికొనజోల్‌కు ఎక్కువ ఎంఐసీని చూపుతుంది. పాత గ్రంథాల్లో పెసిలోమైసిస్ లిలాసినస్ పేరుతో ఉన్న చికిత్స సూచనలు దీనికి వర్తించవు. ఈ విషయాన్ని చికిత్స చేస్తున్న వైద్యునికి ఫోన్‌లో తెలియజేశాము." ఫోన్ చేసిన తేదీ, సమయం కూడా దాని పక్కన రాశాను.